రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - జూలై 5, 1905) భారతదేశపు తొలితరం ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు. లాలా దీన్ దయాళ్ అనే పేరుతో కూడా ఈయన ప్రసిద్ధుడు. హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పనిచేసి, సికింద్రాబాదు, బొంబాయి, ఇండోరు నగరాలలో స్టూడియోలు నడిపాడు. రాజులు, వైస్రాయిలు, కట్టడాలు, వేటలు, దర్బారులు మాత్రమే కాక సామాన్య గృహస్థుల కుటుంబ చిత్రాలు కూడా వేల సంఖ్యలో తీశాడు. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియోను ప్రారంభించాడు. ఈయన గాజు నెగటివులలో కొన్నింటిని వారసులు తరతరాలుగా కాపాడినందువలన 19వ శతాబ్దపు హైదరాబాదు రూపురేఖలు నేటి తరానికి కనబడుతున్నాయి.

బాల్యము, విద్య

దీన్ దయాళ్ 1844లో ఉత్తర భారతదేశంలోని మీరట్ సమీపాన ఉన్న సర్ధనా గ్రామంలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. వారిది నగల వ్యాపారం చేసే కుటుంబం. అయితే దీన్ దయాళ్ కులవృత్తిలో ప్రవేశించలేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరి 1866లో శిక్షణ పూర్తిచేశాడు. 1847లో స్థాపించబడిన ఈ కళాశాల దేశంలో మొట్టమొదటి ఇంజనీరింగు కళాశాల. ప్రస్తుతం ఇది ఐఐటీ రూర్కీగా ప్రసిద్ధి చెందింది. కొలతలు వేయడం, కట్టడాల పటాలు గీయడం అక్కడ నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో ఈయన తీసిన కట్టడాల చిత్రాలలో గోడలు, స్తంభాలు వంకర లేకుండా నిటారుగా నిలవడానికి, వెలుగు నీడలు సమపాళ్ళలో కుదరడానికి ఈ చదువు ఎంతగానో తోడ్పడింది.

ఇండోరులో ఉద్యోగము

1866లోనే ఇండోరులోని ప్రభుత్వ పనుల శాఖ కార్యాలయంలో అంచనాలు తయారుచేసే ఉద్యోగిగా, పటాల రచయితగా చేరాడు. ఈ ఉద్యోగంలో ఉండగానే ఫోటోగ్రఫీపై ఆసక్తి కలిగింది. ఇండోరు మహారాజు రెండవ తుకోజీ రావు హోల్కర్ ఈయనను ప్రోత్సహించాడు. మధ్య భారతంలో గవర్నరు జనరలు ప్రతినిధి అయిన సర్ హెన్రీ డాలీ ప్రాపకం కూడా లభించింది. 1874లో వైస్రాయి లార్డ్ నార్త్‌బ్రూక్ బృందాన్ని ఫోటో తీసే అవకాశం వచ్చింది. 1875-76లో వేల్స్ యువరాజు (తరువాతి కాలంలో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి) భారతదేశంలో పర్యటించినపుడు కూడా ఛాయాచిత్రాలు తీశాడు. ఆ దశకంలోనే ఇండోరులో సొంత స్టూడియో ఏర్పరచుకున్నాడు.

1880 దశకం తొలి సంవత్సరాలలో డాలీ తరువాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌తో సహా మధ్య భారతంలో పర్యటించి అక్కడి కోటలను, ఆలయాలను, స్తూపాలను చిత్రాలుగా తీశాడు. గ్వాలియరు, ఓర్ఛా, దతియా, సాంచి మొదలైన స్థలాలు వీటిలో ఉన్నాయి. 1886లో గ్రిఫిన్ ప్రచురించిన మధ్య భారత ప్రసిద్ధ కట్టడాల గ్రంథంలోని చిత్రాలు దీన్ దయాళ్ తీసినవే. 1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్ ఈయనను తన ఛాయాగ్రాహకుడిగా నియమించాడు. పనులు ఎక్కువ కావడంతో మొదట రెండేళ్ళు సెలవు తీసుకొని, తరువాత ప్రభుత్వ ఉద్యోగాన్ని వదులుకున్నాడు. జీతం వచ్చే ఉద్యోగం మాని, అప్పటికి దేశీయులలో చాలా కొద్దిమంది మాత్రమే చేపట్టిన వృత్తిపై కుటుంబ పోషణకు ఆధారపడడం ఆ రోజులలో సాహసమే.

ఆ కాలపు ఛాయాగ్రహణ పద్ధతి

దీన్ దయాళ్ చేసిన పని విలువ తెలియాలంటే ఆనాటి పద్ధతి కొంత తెలుసుకోవాలి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన తడి పలక పద్ధతిలో, గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, దానిని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గదిలో కడిగి రూపం తేవాలి. ఎండలు మండే ప్రాంతాలలో పలక చాలా త్వరగా ఆరిపోతుంది. అందువలన ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళ్ళినా చీకటి గుడారం, గాజు పలకలు, రసాయనాల సీసాలు, నీరు వెంట తీసుకుపోవలసి వచ్చేది. 1871లో రిచర్డ్ లీచ్ మాడెక్స్ పొడి జెలటిన్ పలకను కనిపెట్టాడు. తరువాతి దశకంలో ఇది వాడుకలోకి రావడంతో ప్రయాణాలు కొంత సులువయ్యాయి.

ఈ నెగటివుల నుండి కాగితంపై చిత్రాన్ని ముద్రించడానికి కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితాన్ని వాడేవారు. నెగటివును కాగితానికి ఆనించి ఎండలో ఉంచితే చిత్రం దిగేది. ఎంత పెద్ద చిత్రం కావాలంటే అంత పెద్ద గాజు పలక వాడవలసి వచ్చేది. పలక పగిలితే ఆ చిత్రాన్ని మళ్ళీ ముద్రించుకునే అవకాశం ఉండేది కాదు. కాబట్టి నెగటివులను భద్రపరచడం వృత్తికి ప్రాణం వంటిది. దీన్ దయాళ్ తన నెగటివులకు వరుస సంఖ్యలు ఇచ్చాడు. ఆయన చిత్రాలలో అనేకం అడుగుభాగాన సంఖ్య, పేరు కనిపిస్తాయి. ఎన్నేళ్ళ తరువాత ఎవరు అడిగినా సంఖ్యను బట్టి నెగటివును వెదికి మరొక ప్రతి ముద్రించి ఇవ్వడానికి ఈ ఏర్పాటు ఉపకరించేది.

హైదరాబాదు రాక

దీన్ దయాళ్ 1885లో హైదరాబాదుకు వచ్చాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో ప్రారంభించాడు. అప్పటికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పూర్తి రాజ్యాధికారం చేపట్టి ఒకటి రెండు సంవత్సరాలు మాత్రమే అయింది. 1866లో జన్మించిన నిజాంకు మూడేళ్ళయినా నిండకముందే, 1869లో, పట్టం కట్టారు. 1884లో వైస్రాయి లార్డ్ రిప్పన్ సమక్షంలో ఆయనకు సంపూర్ణ అధికారాలు లభించాయి. యువకుడైన ఈ ప్రభువుకు వేట, ఉత్సవాలు, కొత్త వస్తువులు అంటే ప్రీతి. ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా దీన్ దయాళ్ రాజభవనాలను, ఊరేగింపులను, సైనిక విన్యాసాలను, విందులను, అతిథులను ఫోటోలు తీశాడు. ప్రధానమంత్రులైన సర్ ఆస్మాన్ జా, సర్ వికారుల్ ఉమ్రా నివాసాలైన బషీర్‌బాగ్, ఫలక్‌నుమా రాజభవనాల లోపలి గదులను కూడా చిత్రించాడు. బషీర్‌బాగ్ భవనం తరువాతి కాలంలో కూల్చివేయబడినది. నేడు ఆ పేరు పేటకు మాత్రమే మిగిలింది. భవనాన్ని చూడాలంటే ఈ చిత్రాలే ముఖ్యమైన ఆధారం.

1892 నాటి నిజాం రాజ్య దృశ్యాల ఆల్బము తరువాత లార్డ్ కర్జన్ సేకరణ ద్వారా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. ప్రస్తుతం షేక్‌పేటకు ఆనుకొని ఉన్న గోల్కొండ కుతుబ్ షాహీ సమాధులను కూడా దీన్ దయాళ్ ఫోటోలు తీశాడు. ఇప్పుడు ఇళ్ళు, రహదారులు నిండిన ఆ పరిసరాలు అప్పట్లో బండరాళ్ళు, పొదలతో నిండిన బయలు.

1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు వచ్చి వేటలో పాల్గొన్నపుడు తీసిన చిత్రాలు ప్రసిద్ధమైనవి. 1914లో ఈ యువరాజు హత్యే మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసింది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద పులివేటకు వచ్చినపుడు తీసిన చిత్రం నేటికీ అనేక గ్రంథాలలో కనిపిస్తుంది. వైభవ చిత్రాలతో పాటు 1899-1900 కరువు కాలంలో ఔరంగాబాదు ప్రాంతంలో జరిగిన సహాయక కార్యక్రమాలను కూడా ఈయన స్టూడియో చిత్రించింది.

1894లో నిజాం ఈయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులను ప్రదానం చేశాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. సాధారణంగా సేనానులకు, ప్రభువులకు ఇచ్చే జంగ్ అనే బిరుదును కెమెరా పట్టిన వ్యక్తికి ఇవ్వడం విశేషం. దీన్ దయాళ్ కళను మెచ్చుకొంటూ నిజాం స్వయంగా ఉర్దూలో ఒక ద్విపద చెప్పాడని ప్రసిద్ధి. విక్టోరియా రాణి నుండి కూడా రాజ ఛాయాగ్రాహకుడిగా గుర్తింపు పత్రం లభించింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈయన చిత్రాలు ప్రదర్శించబడి బహుమతి పొందాయి.

జనానా స్టూడియో

ఆనాటి హైదరాబాదులో ఉన్నత కుటుంబాలకు చెందిన స్త్రీలు, ముస్లిములైనా హిందువులైనా, పరదా పాటించేవారు. పరపురుషుని ఎదుట నిలబడి ఫోటో తీయించుకోవడం వారికి సాధ్యం కాదు. అందువలన ఇంటిలోని తండ్రి, కొడుకులు, మనుమలు చిత్రాలలో నిలిచినా తల్లి, భార్య, కూతుళ్ళు కనిపించేవారు కాదు. వారు మరణిస్తే వారి రూపం పిల్లలకు జ్ఞాపకంలో తప్ప మరెక్కడా మిగిలేది కాదు.

ఈ లోటును తీర్చడానికి దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు జనానా స్టూడియోను స్థాపించాడు. దీని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఎత్తైన గోడలతో చాటు కల్పించిన ఈ స్టూడియోలో చిత్రాలు తీసేది స్త్రీలే కాబట్టి పరదా నియమానికి భంగం కలగకుండా ఫోటో తీయించుకొనే వీలు కలిగింది.

అయితే ఇంత జాగ్రత్తతో తీసిన చిత్రాలకు మరొక చిక్కు ఉన్నది. ఇవి బయటివారు చూడడానికి ఉద్దేశించినవి కావు. వాటిని ఇంటి పెట్టెలలోనే దాచుకునేవారు. దర్బారుల చిత్రాలు గ్రంథాలయాలకు, ప్రదర్శనశాలలకు చేరాయి కానీ అంతఃపురపు చిత్రాలు బయటి ప్రపంచానికి అంతగా తెలియలేదు. కుటుంబ చిత్రాలను భద్రపరచడం ఒక ఎత్తు, వాటిని నలుగురికీ చూపడం మరొక ఎత్తు అనే ప్రశ్న నేటిది కాదని దీనివలన తెలుస్తున్నది.

కుటుంబ చిత్రాలు

సికింద్రాబాదు స్టూడియోకు కంటోన్మెంటు ఆంగ్ల సైనికాధికారులు, నిజాం కొలువులోని ఉద్యోగులు, వర్తకులు, పార్సీలు తమ కుటుంబాలతో వచ్చి ఫోటోలు తీయించుకునేవారు. చిత్రం తీసేంతసేపు కదలకుండా ఉండడానికి కూర్చున్నవారి తల వెనుక ఆనుకునే కడ్డీ అమర్చడం ఆనాటి స్టూడియోలలో పరిపాటి. చిన్నపిల్లలు కదిలితే ముఖం మసకబారేది. చిత్రించిన తెరలు, కుర్చీలు, తివాచీలు, పూలకుండీలు అమర్చి ఇంటి గది వంటి వాతావరణం కల్పించేవారు. కాగితంపై ముద్రించిన చిత్రాన్ని గట్టి అట్టకు అంటించి, అట్టపై స్టూడియో పేరు అచ్చువేసి ఇచ్చేవారు. ఇటువంటి ప్రతులను బంధువులకు, స్నేహితులకు టపాలో పంపడం, ఆల్బములలో అమర్చుకోవడం ఆ కాలంలో ఆచారమైంది. దూరదేశంలో ఉద్యోగం చేసే ఆంగ్లేయులకు స్వదేశంలోని తల్లిదండ్రులకు మనుమల రూపం చూపించడానికి ఇదే మార్గం.

1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో ప్రారంభించాడు. ఈయన కుమారులు జ్ఞాన్ చంద్, ధర్మ్ చంద్ కూడా ఇదే వృత్తిలో ప్రవేశించారు. సంస్థ రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. 1903 నాటి ఢిల్లీ దర్బారును కూడా ఈ సంస్థ చిత్రించింది.

చివరి రోజులు

1904లో కుమారుడు ధర్మ్ చంద్ మరణించాడు. ఆ మరుసటి సంవత్సరం, 1905 జూలై 5న, దీన్ దయాళ్ మరణించాడు. సికింద్రాబాదులో వ్యాపారాన్ని జ్ఞాన్ చంద్ కొనసాగించాడు. అయితే కాలం మారిపోయింది. 1888 నుండి ఈస్ట్‌మన్ సంస్థ కోడాక్ పేరుతో చుట్టఫిల్ము కెమెరాలు విక్రయించడంతో సంపన్నులు తమ ఫోటోలు తామే తీసుకోవడం మొదలుపెట్టారు. 1911లో ఆరవ నిజాం మరణించాడు.

నెగటివుల పరిరక్షణ

మూడు తరాల స్టూడియో కృషిలో మిగిలినది కొంతే. గాజు పలకలు బరువైనవి, పెళుసైనవి. వాటిపైనున్న జెలటిన్ పొర వానాకాలపు తేమకు ఉబ్బి, ఎండకు బీటలు వారి పలక నుండి ఊడిపోతుంది. బూజు పడుతుంది. చిత్రంలోని వెండి అంచులలో అద్దంలా మెరుస్తూ తేలుతుంది. ఆల్బుమెన్ కాగితపు చిత్రాలు పసుపుపచ్చబారి వెలిసిపోతాయి. ఇన్ని ఆటంకాల మధ్య దీన్ దయాళ్ వంశీయులు వేల పలకలను ఎనభై ఏళ్ళకు పైగా కాపాడారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వీటిలో 2,857 గాజు నెగటివులను సేకరించింది. దీన్ దయాళ్ నెగటివుల సేకరణలలో ఇదే పెద్దది. 2010లో ఆ కేంద్రం ఈ సేకరణ నుండి ఎంపిక చేసిన చిత్రాలతో ప్రదర్శన నిర్వహించింది. ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషను వద్ద కూడా ఈయన చిత్రాలు, ఆల్బములు ఉన్నాయి.

ఈ చిత్రాల విలువ 1908 తరువాత మరింత పెరిగింది. ఆ ఏడాది సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసి వేలమందిని బలిగొన్నది. దాని తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వీధులను, నది ఒడ్డును కొత్తగా తీర్చింది. వరదకు మూడేళ్ళ ముందే మరణించిన దీన్ దయాళ్ చూసిన నగరం అంతకు ముందుది. పోయిన భవనాలు, వీధులు, దుస్తులు, వాహనాలు, ముఖాలు ఆయన పలకలపై నిలిచాయి.

తెలుగు సినిమా తొలినాళ్ళతో దీనిని పోల్చి చూడవచ్చు. తెలుగు సినిమా పితామహుడిగా పేరుగాంచిన రఘుపతి వెంకయ్య కూడా మద్రాసులో ఫోటో స్టూడియో నడిపినవాడే. 1921లో ఆయన, కుమారుడు ప్రకాష్ కలిసి నిర్మించిన మూకీ చిత్రం భీష్మప్రతిజ్ఞ నేడు లభ్యం కాదు. ఆనాటి ఫిల్ములు త్వరగా శిథిలమయ్యే, తేలికగా అంటుకునే నైట్రేటు పదార్థంతో చేసినవి. సినిమాలను భద్రపరచడానికి పూణేలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. హైదరాబాదు ఫిలింనగర్‌లో వెంకయ్య విగ్రహం ఉన్నది కాని ఆయన తీసిన బొమ్మ లేదు. దీన్ దయాళ్ విషయంలో అందుకు భిన్నంగా జరగడానికి కారణం వరుస సంఖ్యలు వేసిన పద్ధతి, పలకలను పారవేయని కుటుంబం.

పాత చిత్రాల సంరక్షణలో గమనించవలసినవి

దీన్ దయాళ్ కాలం నాటి గాజు నెగటివులు, అట్టకు అంటించిన ఫోటోలు నేటికీ కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. భాండాగారాలు పాటించే పద్ధతులు కొన్ని ఇవి.

* గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చకుండా, ఒక్కొక్క దానిని ఆమ్లరహిత కాగితంలో చుట్టి నిలువుగా అమర్చాలి.
* పలకలను అంచులతో మాత్రమే పట్టుకోవాలి. పొర ఉన్న వైపు వేళ్ళు తగలరాదు, నీటితో కడగరాదు.
* తేమ తగిలే గోడలకు, నేరుగా ఎండపడే చోట్లకు దూరంగా ఉంచాలి.
* ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయాలి. సిరా అవతలి వైపుకు ఇంకే ప్రమాదం ఉన్నది.
* డిజిటల్ ప్రతి తీసిన తరువాత కూడా అసలును పారవేయరాదు.

వీటిలో పేర్లు వ్రాయడం అన్నిటికంటె తేలిక, కాని అన్నిటికంటె ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది అదే. పాత స్టూడియో చిత్రాలు ఎన్నింటిలోనో ముఖం స్పష్టంగా ఉన్నా ఆ వ్యక్తి ఎవరో తెలియడం లేదు. గుర్తుపట్టగల పెద్దలు జీవించి ఉండగానే అడిగి వ్రాసుకొనడం మంచిది.

గుర్తింపు

* 2006 నవంబరులో భారత తపాలా శాఖ దీన్ దయాళ్ స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఈ కార్యక్రమం హైదరాబాదులోని జూబిలీ హాలులో జరిగింది.
* అదే సంవత్సరం సాలార్ జంగ్ మ్యూజియంలో ఈయన చిత్రాల ప్రదర్శన జరిగింది.
* 2013లో కెనడాలోని టొరంటో నగరంలో రాయల్ ఒంటారియో మ్యూజియం ఈయన చిత్రాలతో ప్రదర్శన నిర్వహించింది. దీపాలీ దేవన్, డెబొరా హట్టన్ రచించిన పరిశోధక గ్రంథం కూడా అదే ఏడాది వెలువడింది.